పది షిల్లింగులకు పోయిన సింహం

‘లయన్ కింగ్’ చూడనివాళ్లు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. 1994లో వచ్చిన బొమ్మల సినిమా చూడకపోతే, 2019లో వచ్చిన కొత్తదైనా చూసే ఉంటారు. అందులో టిమోన్, పుంబా అని ఒక తమాషా జంట ఉంది కదూ! తెలుగులో అలీ, బ్రహ్మానందం గొంతులిచ్చారే, ఆ జంటే. సినిమాలో వాళ్లు హుషారుగా అందుకునే పాట ఒకటుంది... ‘ది లయన్ స్లీప్స్ టునైట్’. ఒక్కసారి వింటే చాలు, వారం రోజులు నోట్లోనే ఆడుతుంది.

“ఈ పాట ఎవరిదిరా?” అని మా మేనల్లుణ్ణి అడిగాను. “డిస్నీవాళ్లది మామయ్యా!” అన్నాడు ఠక్కున. వాడినని లాభం లేదు. ఏళ్ల తరబడి పెద్దపెద్దవాళ్లకే తెలియలేదు. రికార్డుల మీద అసలు మనిషి పేరుంటేగా!

ఆ అసలు మనిషి సాలమన్ లిండా. దక్షిణాఫ్రికాకు చెందిన జులూ గాయకుడు. 1909లో నటాల్ ప్రాంతంలో పుట్టారు. 1931లో పొట్ట చేతపట్టుకుని జొహానెస్‌బర్గ్ చేరారు. పగలు కూలి పని, తీరిక దొరికితే పాట. ‘ఈవెనింగ్ బర్డ్స్’ అని ఆరుగురి బృందం ఆయనది. ముగ్గురు మంద్రంలో పాడుతుంటే, లిండా గొంతు అందరికంటే పైన, ఆడగొంతంత సన్నగా పలికేది. చారల సూట్లు, గుండ్రటి టోపీలు వేసుకుని ఆ ఆరుగురూ స్టేజి ఎక్కారంటే జనం వెర్రెత్తిపోయేవారట!

1939లో గాలో కంపెనీ స్టూడియోలో వాళ్లు ‘మ్బూబే’ అనే పాట పాడారు. మ్బూబే అంటే సింహం. మూడో టేకులో, పాట ముగిసే ముందు, లిండా అప్పటికప్పుడు ఒక కొత్త సంగతి వేశారు. ముందుగా అనుకున్నది కాదు. ఆ కాసిని స్వరాలే తర్వాత ప్రపంచమంతా తిరిగాయి.

రికార్డు దాదాపు లక్ష అమ్ముడుపోయింది. ఒక కాపీ అమెరికాలో పీట్ సీగర్ చేతికి చేరింది. ఆయనకు జులూ రాదు. చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. ‘మ్బూబే’ కాస్తా ‘విమోవే’ అయింది! 1952లో ఆయన బృందం ‘ద వీవర్స్’ పాడితే హిట్టు. 1961లో ‘ద టోకెన్స్’ అనే కుర్రాళ్ల బృందం ఇంగ్లీషు మాటలతో పాడితే, ఆ డిసెంబరులో అమెరికాలో నెంబర్ వన్!

మరి రచయితగా ఎవరి పేరు వేశారు? వీవర్స్ రికార్డు మీద ‘పాల్ క్యాంప్‌బెల్’ అని ఉంది. తమాషా ఏమిటంటే, అలాంటి మనిషే లేడు. అది ఉత్త మారుపేరు. లేని మనిషికి పేరుంది. ఉన్న మనిషికి లేదు!

ఇక లిండా సంగతి. 1952లో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆ పాట మీద హక్కులు తీసుకున్నారు. ముట్టింది పది షిల్లింగులు, అంటే అర పౌను! అసలు రచయిత ఎవరో తెలిశాక వెయ్యి డాలర్లు పంపించమని సీగర్ చెప్పారు గానీ, పాట సంపాదించినదాని ముందు అదెంత? 1962లో మూత్రపిండాల జబ్బుతో లిండా పోయారు. పేరు చెక్కిన రాయి ఒకటి సమాధి మీద పెట్టించడానికి భార్యకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

కథ అంతటితో అయిపోవలసిందే. కాని 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా రచయిత పాత రికార్డులు, ఒప్పందాలు, ఉత్తరాలు తిరగేసి అమెరికా పత్రిక ‘రోలింగ్ స్టోన్’లో అంతా బయటపెట్టారు. పాట దాదాపు కోటిన్నర డాలర్లు సంపాదించి ఉంటుందని ఆయన అంచనా. లిండా కూతుళ్లు మాత్రం సొవెటోలో బీదరికంలో ఉన్నారు.

అయినా ఏం చేస్తారు? తండ్రి సంతకం పెట్టేశాడు. తర్వాత భార్య, కూతుళ్లు కూడా వేరే కాగితాల మీద సంతకాలు పెట్టారు. దారులన్నీ మూసుకున్నట్టే.

అప్పుడు ఓవెన్ డీన్ అనే లాయరు ఒక పాత చట్టం బయటకు తీశారు. 1911 నాటి బ్రిటిష్ కాపీరైటు చట్టం. రచయిత బతికుండగా హక్కులు అమ్ముకున్నా సరే, ఆయన చనిపోయిన పాతికేళ్లకు అవి వారసులకే తిరిగి వస్తాయని అందులో ఉంది!

ఇక లెక్క మీరే వేయండి. లిండా పోయింది 1962లో. పాతికేళ్లు కలిపితే 1987. ‘లయన్ కింగ్’ వచ్చింది 1994లో. అంటే టిమోన్, పుంబా ఆ పాట అందుకునే నాటికి ఏడేళ్ల ముందే హక్కు ఆ ఇంటికి తిరిగొచ్చేసింది! సంతకంతో పోయిన పాటను చావు తేదీ వెనక్కి తెచ్చింది.

2004లో డిస్నీ మీద దావా పడింది. మిక్కీ మౌస్‌తో సహా దక్షిణాఫ్రికాలో డిస్నీకున్న ట్రేడ్‌మార్కులను కోర్టు జప్తులో పెట్టింది. మిక్కీ మౌస్ జప్తు! లోకం నవ్వింది గానీ పని జరిగింది. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. పాత బాకీకి సొమ్ము, ముందుకు కొంత రాబడి, అన్నిటికీ మించి స్వరకర్తల్లో ఒకరిగా లిండా పేరు... ఆయన పోయిన నలభై నాలుగేళ్లకు!

ఇదంతా మనకెందుకంటారా? మీ ఇంట్లో పాత సినిమా పాటల పుస్తకం ఉంటే తెరిచి చూడండి. ‘పి.సుశీల బృందం’, ‘ఘంటసాల బృందం’ అని కనిపిస్తుంది. సుశీలమ్మ తెలుసు, ఘంటసాల తెలుసు. బృందం ఎవరు? మద్రాసు స్టూడియోల్లో మైకు వెనక నిలబడి పాడిన ఆ మనుషులకూ ఊళ్లున్నాయి, పిల్లలున్నారు. మీ వీధిలో, మీ చుట్టాల్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఓ సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఏ సినిమా, ఏ పాట, ఏ సంవత్సరం... అడిగి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. వాళ్లు పోయారంటే ఆ తేదీ కూడా రాయండి. ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో!

మా మేనల్లుడు ఇప్పుడు ఆ పాట వస్తే “లిండా పాట” అంటున్నాడు. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.