తొట్లకొండ మీద ఇటుకముక్క



కార్తికమాసము వచ్చినదన్న వనభోజనముల తలంపు రాని తెలుగిల్లుండదు. సబ్బవరమున నుండు మేము ఏటేట ఊరి తోటలతోనే తృప్తి నొందుదుము. ఈ యేడు మాత్రము పిల్లల కోరికపై రెండు దినములు సముద్రతీరమున గడపి వచ్చితిమి. భీమునిపట్టణము చెంత బంధువుల కొబ్బరితోటలో గుడారము వేసికొనుటకు ఏర్పాటైనది. త్రోవలో తొట్లకొండ నెక్కితిమి.

ఈ కొండ సముద్రమట్టమునకు 128 మీటర్ల యెత్తున నున్నది. సుమారు రెండువేల యేండ్ల క్రిందట నిచట బౌద్ధభిక్షువులు నివసించిరి. పిదప లోకము దానిని మఱచెను. 1976లో నౌకాదళమువారు విమానముల నుండి సర్వే చేయుచుండగా నీ శిథిలములు కానవచ్చెను. 1988 మొదలుకొని రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వింపగా స్తూపములు, విహారముల గదులు, శాతవాహనుల నాణెములు, రోము దేశపు వెండి నాణెములు బయల్పడినవి. ఆ కాలమున మన తీరమునకు దూరదేశములతో వర్తకము గలదనుటకు ఆ వెండియే సాక్ష్యము.

గృహిణులమగుటచే మా చూపు ముందుగా వంటశాల మీదను, భోజనశాల మీదను నిలిచినది. అంతమందికి కొండ మీద నీరెక్కడిది? వాననీరు నిలుచుటకై రాతిలో తొట్లు తొలిపించుకొనిరి. కొండకీ పేరు వానివలననే వచ్చినది. వేసవిలో బిందెడు నీటికై కాచుకొనియుండు మనకు వాని విలువ వేఱుగ చెప్పవలెనా?

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలెను. దిగునపుడు త్రోవప్రక్క నొక పాత యిటుకముక్క కనబడినది. తులసికోట మొదట నుంచుకొందమని కొంగున ముడిచికొంటిమి. రాత్రి గుడారములో దానిని జూచి మా పెద్దపిల్ల, “అమ్మా, వచ్చినవారందరు నొక్కొక్క ముక్క తీసికొనిపోయిన, తరువాత వచ్చువారేమి చూతురు?” అని యడిగినది. మావారు చిఱునవ్వు నవ్వి యూరకుండిరి. మాకు నిద్ర పట్టలేదు. 2019లో వానలకు మహాస్తూపము కొంత కూలగా మరల బాగుచేయవలసివచ్చెను. వాన చేయు చేటునకు మన చేయి గూడ తోడు కావలెనా? ఏ యిటుక యెచట నుండెనో తెలిసినగాని శాస్త్రజ్ఞులు కట్టడము సంగతి చెప్పజాలరు. చోటు తప్పిన యిటుక వట్టి మట్టిపెళ్ల.

మఱునాడు భీమిలిలో డచ్చివారి పాత సమాధులు చూచి, తిరుగుదారిలో మరల కొండ నెక్కి, కావలివానికి సిగ్గుతోనే సంగతి చెప్పితిమి. అతడు మందలింపలేదు. “ఎక్కడ తీసినారో చూపించండమ్మా” అని మాత్రమనెను. ఆ చోటు చూపి, మా పిల్ల చేతనే ముక్క నచట పెట్టించితిమి.

పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. కొండ మీద నీడ తక్కువ. త్రాగునీరు వెంట నుంచుకొనుడు. పులిహోర, దద్దోజనము ప్రయాణమునకు మేలు. భీమిలి కడలిలో పిల్లలను మోకాలి లోతు దాటనీయకుడు. విస్తళ్లు మరల సంచిలో వేసికొని రండు. కొండ మీది వస్తువును మాత్రము సంచిలో వేసికొనకుడు.