నవ్విన చేనుకి రెండో పంట

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, గిన్నెలు బోర్లించి, టీవీ ముందు కూర్చుంటాం. సీరియల్ మొదలవగానే పాట, పాటతోపాటు పేర్లూ వస్తాయి. కథానాయిక పేరు చదువుతాం. గయ్యాళి అత్తగారి వేషం వేసినావిడ పేరూ చదువుతాం. చిట్టచివర 'దర్శకత్వం' అని పడేసరికి మన చూపు చేతిలో చిక్కుడుకాయల మీదో, ఫోను మీదో ఉంటుంది. 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' కళ్లొత్తుకుంటూ చూసిన మనలో, ఆ మూడింటికీ దర్శకురాలు మంజులా నాయుడని ఎంతమందికి గుర్తుంది చెప్పండి?

కనిపించేవాళ్లకి చప్పట్లు, కనిపించనివాళ్లకి చాకిరీ! మన వంటింటి సంగతీ అంతేగా.

అయితే ఈ కనిపించనివాళ్లలో ఇంకో రకం వాళ్లున్నారు. ముందు తెరమీద కనిపించి, నలుగురి చేతా నవ్వించుకుని, ఆ తర్వాత తెరవెనక్కి వెళ్లి నెగ్గుకొచ్చినవాళ్లు. ఈ వారం కబుర్లు వాళ్ల గురించే.

'నవ్విన నాపచేనే పండుతుంది' అంటారు పెద్దవాళ్లు. నాపరాళ్లు తేలిన చేను చూసి ఊరంతా నవ్వితే, ఆ చేనే పండి చూపించిందట. మన నగరం, రేపల్లె, బాపట్ల వైపు నాపచేలు లేవు గానీ సామెత మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. కానీ ఒక్కమాట ఆలోచించారా? నవ్వినంత మాత్రాన చేను దానంతటది పండుతుందా? ఎవరో ఒకరు మళ్లీ నాగలి పట్టాలి కదా! ఆ రెండోసారి నాగలి పట్టే సంగతి సామెతలో లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

ముందు మన పక్కింటి కథ చూద్దాం. తెనాలి పక్కనున్న బుర్రిపాలెం హీరో కృష్ణగారి ఊరు. ఆ ఇంటి కోడలిగా వచ్చిన విజయనిర్మలగారు అప్పటికే చిన్నప్పటినుంచీ సినిమాల్లో ఉన్న మనిషి. 1957లో వచ్చిన 'పాండురంగ మహాత్మ్యం'లో ముద్దులొలికే చిన్నికృష్ణుడు ఆవిడే. 1973లో యద్దనపూడి సులోచనారాణిగారి నవల 'మీనా'ని సినిమాగా తీసి, తెలుగులో దర్శకురాలయ్యారు. అదే ఏడు మలయాళంలోనూ ఒక సినిమాకి దర్శకత్వం వహించారు. బాగానే ఉంది. ఆ మరుసటి ఏడాది, 1974 డిసెంబరులో, 'దేవదాసు' తీశారు. కృష్ణగారు దేవదాసు, పార్వతి తానే, దర్శకత్వమూ తనదే!

ఇంకేముంది? 1953 నాటి అక్కినేని దేవదాసునీ, సావిత్రి పార్వతినీ గుండెల్లో పెట్టుకున్న జనం వీళ్లని ఊరుకుంటారా? సరిగ్గా అప్పుడే పాత 'దేవదాసు' కూడా మళ్లీ థియేటర్లకి వచ్చింది. కొత్తది ఆడలేదు. పార్వతిగా ఒక పోలిక, దర్శకురాలిగా ఇంకో పోలిక. ఒక్క సినిమాకి రెండు వైపులా పెదవి విరుపులే! ఆ రోజుల్లో కృష్ణగారికీ వరసగా దెబ్బలు తగిలాయి. 1976లో 'పాడిపంటలు' వచ్చాక గానీ ఆయన తేరుకోలేదు.

మనమైతే ఏం చేసేవాళ్లం? "నాకెందుకొచ్చిన డైరెక్షను, హాయిగా వేషాలు వేసుకుందాం" అనుకునేవాళ్లం. ఆవిడ మాత్రం 'విజయకృష్ణ' బ్యానరు మీదా, బయటి నిర్మాతలకీ సినిమాలు తీస్తూనే పోయారు. 1979లో వచ్చిన 'హేమాహేమీలు' గుర్తుందా? అందులో కృష్ణగారితోపాటు అక్కినేని నాగేశ్వరరావుగారూ నటించారు. దర్శకురాలు విజయనిర్మలగారే! ఏ దేవదాసుతో పోల్చి జనం పెదవి విరిచారో, ఆ దేవదాసే అయిదేళ్లకి ఆవిడ చెప్పినట్టు కెమెరా ముందు నించున్నారన్నమాట. ఇంతకంటే మంచి జవాబు నోటితో ఎవరూ చెప్పలేరు. మొత్తం 44 సినిమాలు తీసి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలకి దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. 2019 జూన్ 27న కన్నుమూశారు.

ఇది పెద్దతెర కథ. చిన్నతెరకి వస్తే సముద్రాలు దాటి వెళ్లాలి. ఐడా లుపినో అనే ఆవిడ పేరు మనలో చాలామంది విని ఉండరు. 1918లో లండన్‌లో, నాటకాలవాళ్ల ఇంట్లో పుట్టి, హాలీవుడ్ చేరింది. అప్పట్లో అక్కడ బెట్టీ డేవిస్ మహారాణి. ఆవిడ వద్దన్న వేషాలు తిరిగి తిరిగి ఐడా దగ్గరకి వచ్చేవి. పట్టుచీర కొనలేనివాళ్లు జరీ కలిసిన నూలుచీర కొనుక్కున్నట్టు! 'పేదవాళ్ల బెట్టీ డేవిస్‌ని నేను' అని ఐడా తనమీద తనే జోకు వేసుకునేది. ఇంకొకళ్లు అనేలోపు మనమే అనేసుకుంటే సగం నొప్పి తగ్గుతుంది కదా!

నచ్చని వేషాలు వద్దన్నందుకు స్టూడియోవాళ్లు ఆమెని పనిలేకుండా కూర్చోబెట్టేవారు. ఆ ఖాళీ రోజుల్లో ఆమె దిగులుపడుతూ ఇంట్లో పడుకోలేదు. సెట్లమీదకి వెళ్లి కెమెరా ఎక్కడ పెడుతున్నారు, ఎడిటింగ్ గదిలో ముక్కలెలా అతుకుతున్నారు అని చూస్తూ కూర్చునేది. తర్వాత భర్తతో కలిసి సొంత కంపెనీ పెట్టింది. 1949లో వాళ్ల మొదటి సినిమా దర్శకుడికి షూటింగు మొదట్లోనే గుండెపోటు వస్తే, ఆమె ముందుకొచ్చి సినిమా పూర్తి చేసింది. దర్శకురాలిగా పేరు కూడా వేసుకోలేదు. ఆ తర్వాత తన పేరుతోనే సినిమాలు తీసింది. కంపెనీ మూతపడ్డాక టీవీవాళ్లు పిలిచారు. 1956 నుంచి చిన్నతెర మీద వందకి పైగా ఎపిసోడ్లు తీసింది. వాటిలో కౌబాయ్ కథలూ, దొంగా పోలీసు కథలూ, దడ పుట్టించే కథలూ, కడుపుబ్బ నవ్వించేవీ అన్నీ ఉన్నాయి.

టీవీ అంటే తీరిగ్గా తీసే సినిమా కాదు. కొద్దిరోజుల్లో ఒక ఎపిసోడు పూర్తి కావాలి, అనుకున్న వారం అనుకున్న గంటకి ప్రసారం కావాలి. పెళ్లివంటలాంటిదన్నమాట. ముహూర్తం ఆగదు, పప్పు ఉడకలేదంటే కుదరదు. సెట్టుమీద ఉండేదంతా మగవాళ్లే. ఐడా వాళ్లమీద అరిచేది కాదట. 'అమ్మకో ఇబ్బంది వచ్చింది, కాస్త చేసిపెడతారా' అన్న ధోరణిలోనే పని జరిపించేదట. ఆమె కూర్చునే కుర్చీ వెనక దర్శకురాలి పేరుకి బదులు 'మా అందరి అమ్మ' అని రాసి ఉండేది. ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఈ పద్ధతి ఒకరు నేర్పాలా!

'ట్విలైట్ జోన్' అని అమెరికాలో పేరుపొందిన టీవీ సీరీస్ ఉండేది. 1959లో అందులో ఐడా ఒక పాత నటిగా వేసింది. వయసు మీదపడ్డ ఆ నటి గది తలుపులు మూసుకుని తన పాత సినిమాలే చూసుకుంటూ బతుకుతుంది. అది కథ. నిజజీవితంలో ఐడా ఆ గదిలో కూర్చోలేదు. 1964లో అదే సీరీస్‌లో 'ది మాస్క్స్' అనే ఎపిసోడుకి దర్శకత్వం వహించింది. ఆ పాత సీరీస్ మొత్తంలో దర్శకత్వం చేసిన ఒకే ఒక్క మహిళ ఆమె. ఆస్తికోసం చేరిన బంధువుల చేత ఒక ముసలాయన అర్ధరాత్రి దాకా వికారమైన ముసుగులు పెట్టిస్తాడు. తీసేసరికి వాళ్ల ముఖాలు ఆ ముసుగుల్లాగే అయిపోయి ఉంటాయి. ఒకరిని చూసి వంకరగా నవ్వే ముందు గుర్తుంచుకోదగ్గ కథే!

ఇంకా దగ్గరి కాలంలో సోఫియా కొప్పోలా ఉంది. 1990లో తండ్రి తీసిన 'గాడ్‌ఫాదర్' మూడో భాగంలో, వెయ్యాల్సిన నటి చివరి నిమిషంలో తప్పుకుంటే, ఈ పిల్లని నించోబెట్టారు. ఇరవయ్యేళ్లు కూడా నిండని పిల్ల. లోకం ఎంత నవ్విందంటే, చెత్త నటనకి ఇచ్చే వెటకారపు అవార్డులు రెండు చేతిలో పెట్టారు! ఆ అమ్మాయి నటన వదిలి దర్శకత్వంలోకి వెళ్లింది. 2003లో వచ్చిన 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్'కి రచయిత్రిగా ఆస్కార్ అందుకుంది. 2017లో కాన్స్‌లో ఉత్తమ దర్శకురాలైంది.

ఇక్కడిదాకా చదివి "అయితే నవ్వులపాలైతే చాలు, విజయం తథ్యం" అనుకోకండి. మన గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రిగారిని తలచుకోండి. ఆవిడ నటనని చూసి నవ్వినవాళ్లు లేరు. 1968లో, నిర్మాతా సంగీత దర్శకురాలూ కూడా స్త్రీలే అయిన 'చిన్నారి పాపలు'కి ఆవిడ దర్శకత్వం వహించారు. ఆడలేదు. 1971లో తమిళంలో 'ప్రాప్తం' సొంతంగా తీశారు. అదీ నష్టమే. పదేళ్లకి, 1981 డిసెంబరులో, వెళ్లిపోయారు. ప్రతిభలో విజయనిర్మలగారికంటే, ఐడాకంటే తక్కువదా ఆవిడ? కాదే!

మరి తేడా ఎక్కడుంది? గెలిచిన ముగ్గురినీ చూడండి. విజయనిర్మలగారికి, ఆడని సినిమా తర్వాత కూడా "నీ తర్వాతి సినిమాలోనూ నేనే" అన్నట్టు నిలబడ్డ భర్త ఉన్నారు. ఐడాకి తన చేతిలో తన కంపెనీ ఉంది. సోఫియాకి తండ్రి ఇల్లుంది. అంటే చేను మీద లోకం నవ్వుతున్నా, గట్టుమీద ఒకరు విత్తనాల సంచి పట్టుకుని నించున్నారు. రెండో పంట వేసే వీలు దొరికింది. మనిషిని కూల్చేది నవ్వు కాదండీ. 'ఇంక నీకు ఇంకో అవకాశం లేదు' అన్న మాట.

మన ఇళ్లల్లో ఆ మాట ఎవరం అంటున్నాం? చాలాసార్లు మనమే! స్కూలు వార్షికోత్సవంలో పిల్ల స్టెప్పులు మర్చిపోయి దిక్కులు చూస్తుంది. ఆరోజు నవ్వొస్తుంది, నవ్వుతాం. అందులో తప్పు లేదు. కానీ ఆ కథని పదేళ్లపాటు వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాం. పిల్ల కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే నించుని వింటుంది. కొత్తకోడలు చేసిన మొదటి పులిహోరలో ఉప్పు ఎక్కువైతే, ఆమెకి మనవలు పుట్టేదాకా ఆ ఉప్పు కరగదు! నలభై దాటాక స్కూటీ నేర్చుకోబోయి పడిపోయిన వదినగారు, డ్వాక్రా గ్రూపులో పెట్టిన ఆవకాయ బూజు పట్టిన పిన్నిగారు... ఇలా ప్రతి ఇంట్లోనూ ఒక 'నవ్వుల కథ' ఉంటుంది. ఒకరోజు నవ్వు గుచ్చుకుని పోతుంది. ఏళ్లతరబడి చెప్పిన నవ్వు మాత్రం మేకులా దిగిపోతుంది.

పిల్ల వేదిక మీద తడబడింది సరే, అదే పిల్ల మిగతా పిల్లలందరి జడలూ సరిచేసిందేమో, ఎవరి తర్వాత ఎవరు వెళ్లాలో పెదవుల చివరే చెప్పిందేమో చూశారా? దర్శకత్వం అంటే అదేగా! ముందు నించుంటే రాణించనివాళ్లు వెనక నించుని నడిపించగలరు. ఆ రెండూ వేరు వేరు పనులు.

నవ్వించుకున్నది మీరే అయితే రెండు మాటలు. మన వైపు వరి కోతకి ఇంకా రోజులుండగానే చేలో మినుములు చల్లేస్తారు. వరి ఇంటికి చేరేసరికి మినుము మొలకెత్తి ఉంటుంది. ఐడా చేసిందీ అదే. నటిగా ఉండగానే ఎడిటింగ్ గదిలో కూర్చుంది. మీరూ ఉన్న పని వదలకుండానే పక్క పని నేర్చుకోండి. వంట కుదిరి, అమ్మడం కుదరకపోతే లెక్కలు నేర్చుకోండి. కుట్టు సరిగ్గా రాకపోయినా బట్ట ఎంపిక బాగా తెలిస్తే, కుట్టేవాళ్లని పెట్టుకుని మీరు బట్ట చూడండి. రెండోది, ఉన్నదంతా ఒక్క పంట మీద పెట్టకండి. మెడలో బంగారం, పిల్లల చదువు డబ్బు కదపకుండా, పోయినా ఇల్లు కదలని మొత్తంతోనే మొదలుపెట్టండి. అప్పుడే మూడోసారికీ విత్తనం మిగులుతుంది.

ఇక నవ్వేవైపు ఉన్నవాళ్లకి ఒకే ఒక్క పని. మీ ఇంట్లో ఏళ్లుగా చెప్పుకుంటున్న ఆ నవ్వుల కథ ఏదో మీకు తెలుసు. ఈసారి చుట్టాలొచ్చినప్పుడు అది నోటిదాకా వస్తుంది. మింగేయండి. దాని బదులు ఆ మనిషి ఈమధ్య బాగా చేసిన పని ఒకటి చెప్పండి, ఆమె వింటుండగానే!