ముందు చక్రాలు లాగుతాయా?
పాడేరు, చింతపల్లి వైపు పాత థారో, ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరో క్యాంపరో సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందుగా మీటరు చూస్తారు. ఆ అంకె వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు, దాన్ని ఆఖర్న చూడండి. బేరానికి ముందు బండి కిందికి దూరాలి. ముందు డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పించి ఆయిల్ వేలికి రాసుకోండి. నల్లగా ఉంటే చాలాకాలంగా మార్చలేదని. పాలు కలిపిన టీలా ఉంటే వాగు నీళ్లు లోపలికి పోయాయని. అలాంటి బండి జోలికి పోవద్దు. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి. మనం వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే అనుమానించాల్సిందే. ఆ తర్వాత ఫోర్ వీల్ లివరు వేసి బురదలో నడపండి, తారు రోడ్డు మీద మాత్రం వద్దు. ఈ బళ్లలో లివరు పడగానే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగానికి ముడిపడతాయి. పొడి రోడ్డు మీద మలుపు తిప్పితే గేర్ల మీద భారం పడుతుంది. నేను చూసిన ఒక బండిలో లివరు చక్కగా పడింది, కింద చూస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టే లేదు! అమ్మే ఆయన ఆ మాటే ఎత్తలేదు. వానాకాలంలో నెలలు నిండిన ఆడమనిషిని కొండ దించాల్సిన బండి అది. అలా దాచడం తప్పు కాదు, ద్రోహం. రంగుకీ సీటు కవర్లకీ మురిసిపోకండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ తీయించారా, ఛాసిస్ నంబరు కలిసిందా చూసుకోండి. నమ్మకమైన మెకానిక్‌ను, ఆయన కూలి ఆయనకిచ్చి, వెంట తీసుకెళ్లండి.