మాట పూర్తయ్యేదాకా ఆగుదాం

వట్లూరు అనే పేరులో ఉన్నవి మూడక్షరాలు. ఆ మూడక్షరాలు పలకలేక ఏలూరులో రైలు దిగి ఇంటికి నడిచి వెళ్లిన రోజులు నాకున్నాయి. చదువుకునే కాలంలో తాడేపల్లిగూడెం వైపు నుంచి తిరిగి వచ్చేటప్పుడు టికెట్ల కిటికీ ముందు ‘వ’ దగ్గరే గొంతు పట్టేసేది. వెనుక వరుసలో నవ్వులు మొదలయ్యేవి. చివరకు నోటికి సులువుగా వచ్చిన ‘ఏలూరు’ అనేసి బయటపడేవాడిని. నత్తి ఉన్నవారిలో చాలామందికి అన్నిటికన్నా కష్టమైనవి సొంత పేరు, సొంత ఊరి పేరే. వాటికి బదులు మరో మాట వాడడానికి వీలుండదు గదా!

మన పల్లెల్లో నత్తి అంటే నవ్వులాట. అమ్మానాన్నలు పెట్టిన పేరు పక్కన పెట్టి ‘నత్తోడు’ అని పిలుస్తాం. హాస్యం కావాలంటే సినిమాలో ఒక నత్తి పాత్రను పెట్టడం పరిపాటి అయింది. ఈ నవ్వుల ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో ఆలోచించాలి. జవాబు తెలిసీ తరగతిలో చెయ్యి ఎత్తని పిల్లవాడు చెల్లిస్తున్నాడు. కొల్లేటి చేపల చెరువు గట్టు మీద ఐసుకూ లారీకీ తాను ఫోను చేయలేక తమ్ముడి చేత చేయించుకునే రైతు చెల్లిస్తున్నాడు. పెళ్లిచూపుల్లో పేరు అడుగుతారేమోనని వణికే ఆడపిల్ల చెల్లిస్తున్నది.

నాలుక దోషం కాదు

నత్తి సాధారణంగా రెండేళ్లకూ అయిదేళ్లకూ మధ్య, పిల్లలు మాటలు కూర్చుకునే వయసులో మొదలవుతుంది. నూటికి సుమారు అయిదుగురు పిల్లల్లో కనిపిస్తుంది. వారిలో నలుగురికి ముగ్గురి చొప్పున దానంతట అదే పోతుంది. పెద్దవారిలో నూటికి ఒకరికి మిగులుతుంది. ఆడవారికన్నా మగవారిలో ఎక్కువ. వంశంలో ఉంటే వచ్చే అవకాశం హెచ్చు. మాటకు కావలసిన కదలికలను వేళకు అందించే మెదడు పనిలో ఉన్న తేడా దీనికి మూలమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. భయం వల్ల నత్తి పుట్టదు. ఉన్న నత్తి భయంతో ముదురుతుంది.

దీనికి రుజువు మన ఊళ్లోనే ఉంది. నత్తి ఉన్న మనిషి రామమందిరంలో పదిమందితో కలిసి భజన పాడితే ఒక్క అక్షరం తడబడదు. పాకలో దూడతో మాట్లాడినా తడబడదు. నాలుక మందమే కారణమైతే అక్కడా తడబడాలి గదా! దూడ నవ్వదు, తొందరపెట్టదు.

నాటు వైద్యాలు వద్దు

పసిపిల్లలకు తేనెలో వసకొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. వాగుడుకాయను చూసి ‘వస పోశారా’ అనడమూ అందువల్లనే. కాని వసతో నత్తి పోతుందనడానికి ఆధారం లేదు. పైగా అందులో హాని చేసే పదార్థం ఉన్నదని 1968లోనే అమెరికాలో దాన్ని ఆహార పదార్థాలలో వాడకుండా నిషేధించారు. పూర్వం గ్రీకు వక్త డెమోస్తనీసు నోట్లో గులకరాళ్లు పెట్టుకుని సాధన చేశాడన్న కథ విని పిల్లల నోట్లో రాళ్లు పెట్టేవారున్నారు. అవి గొంతుకు అడ్డం పడితే ప్రాణాపాయం.

గద్దింపు వల్ల మరింత నష్టం. 1939లో అమెరికాలోని అయోవాలో 22 మంది అనాథ పిల్లలపై ఒక ప్రయోగం జరిగింది. మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలకు ‘నీ మాట సరిగా లేదు’ అని పదే పదే చెప్పారు. వారికి నత్తి అంటుకోలేదు గాని, నోరు విప్పడానికే జంకడం మొదలుపెట్టారు. ఆ పనికి అక్కడి విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పుకుంది. అదే పని మన ఇళ్లలో, బళ్లలో తెలియక రోజూ చేస్తున్నాం.

ఏం చేయాలి?

పిల్లవాడు ఆగినప్పుడు ‘నెమ్మదిగా చెప్పు’, ‘మళ్లీ చెప్పు’ అనవద్దు. అతని మాటను మనం పూర్తిచేయవద్దు. ముఖం చూస్తూ, చెప్పేదేమిటో వింటూ ఆగితే చాలు. మనమే నిదానంగా మాట్లాడితే పిల్లవాడికి తొందర తగ్గుతుంది. ఉపాధ్యాయులు హాజరు వేళ చెయ్యెత్తినా సరే అనాలి. పాఠం అప్పజెప్పడానికి మొదట ఒంటరిగా పిలవాలి. అంతేగాని ఎన్నడూ అడగకుండా వదిలేయడం దయ కాదు.

నత్తి ఆరు నెలలు దాటి ఉన్నా, పిల్లవాడు మాట్లాడడానికి వెనుకాడుతున్నా స్పీచ్ థెరపిస్టుకు చూపాలి. 2013లో ప్రారంభమైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందానికి తల్లిదండ్రులే ఈ సంగతి చెప్పి, ఎక్కడికి వెళ్లాలో అడగాలి. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పనికే ఉంది.

పెద్దవారికి నా అనుభవం మీద ఒక మాట. ధైర్యం వచ్చాక మాట్లాడదామని కూర్చుంటే ఆ రోజు రాదు. మాట్లాడితేనే ధైర్యం వస్తుంది. రోజూ పది నిమిషాలు పేపరు పైకి చదవండి. మొదటి అక్షరాన్ని నొక్కకుండా మెల్లగా అందుకోండి. వాక్యం మధ్య ఆగడం తప్పు కాదు. కష్టమైన మాటను తప్పించి వేరే మాట వెతకవద్దు. కొత్తవారితో ముందే ‘నాకు నత్తి ఉంది, కాస్త ఆగండి’ అనండి. దాచాలన్న బరువు దిగితే సగం తడబాటు తగ్గుతుంది. డ్వాక్రా సంఘాల మాదిరిగా నత్తి ఉన్నవారే కలిసి ‘ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్’ పేరుతో స్వయంసహాయక బృందాలు నడుపుకుంటున్నారు.

నత్తి పూర్తిగా పోకపోవచ్చు. ఒకప్పుడు మన నాణాలపై బొమ్మగా ఉన్న ఆరో జార్జి చక్రవర్తి 1926లో లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా నిపుణుడి దగ్గర సాధన మొదలుపెట్టి, రాజయ్యాక కూడా మానలేదు. తడబాటు పూర్తిగా వదలలేదు. అయినా 1939 సెప్టెంబరు 3న, యుద్ధం ప్రకటించిన నాడు, రేడియోలో తన ప్రజలతో మాట్లాడాడు. 2021 నుంచి 2025 వరకు అమెరికా అధ్యక్షుడుగా ఉన్న జో బైడెన్‌కు కూడా చిన్నతనం నుంచి నత్తి ఉంది.

నేటికీ నాకు ‘వ’ దగ్గర గొంతు పడుతుంది. అయినా ఊరి పేరు మార్చి చెప్పడం మానేశాను. ఇప్పుడు నోరు విప్పకుండానే సెల్ ఫోనులో టికెట్టు కొనవచ్చు. కాని మనిషి తన ఊరి పేరు చెప్పుకోలేక ఫోను చాటున దాక్కోవడం ఎవరికీ గౌరవం కాదు. అతడు చెప్పడానికి ప్రయత్నించాలి. చెప్పేదాకా మనం ఆగాలి. అందుకు పట్టేది మహా అయితే అర నిమిషం.