గట్టితనమే గొప్పతనమా?

పాత స్పోర్ట్సు కారు కొన్నవాడు మొట్టమొదట చేసే పనేమిటో మీకు తెలుసునా? రంగు వేయించడం కాదు, ఇంజను విప్పించడం అంతకన్నా కాదు. స్ప్రింగులు మార్చడం! బండి ఇంటికొచ్చి వారం తిరక్కుండా ఎర్ర రంగు స్ప్రింగులూ, పసుప్పచ్చ షాకబ్జార్బర్లూ, ఊదారంగు ప్లాస్టిక్కు బుష్షులూ పెట్టెలకు పెట్టెలు దిగుతాయి. ప్రతి పెట్టె మీదా ‘అప్‌గ్రేడ్’ అని వుంటుంది. ఆ మాటకు అర్థం వెతుక్కుంటూ నిఘంటువు దాకా పోనక్కరలేదు. ఉన్నదానికంటే గట్టిది అని అర్థం. అంతే.

గట్టిదైతే మంచిదని వీళ్లకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. జంతికల విషయంలో కూడా ఆ మాట నిజం కాదే!

ఉదాహరణకు వొక్క కారునే తీసుకుంటాను. అన్నిటి సంగతీ చెప్పబోతే ఏ వొక్కదాని సంగతీ చెప్పినట్టు కాదు. ఇంగ్లండులో కవెంట్రీ పట్టణంలో కాన్లే అనే చోట వో కర్మాగారం వుండేది. అక్కడ 1962 నుంచి 1980 వరకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల బండి తయారయింది. మూడు లక్షల పధ్నాలుగు వేల పైచిలుకు చేసి అమ్మారు. రూపు దిద్దినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్నీ మికెలొట్టి. పైరూపం చూస్తే కళ్లు తిప్పుకోలేం. కింద చట్రం మాత్రం హెరాల్డుది. అదే పొట్టి చేసి వాడుకున్నారు.

హెరాల్డు అనగానే మన పెద్దవాళ్లు కొందరు తల పైకెత్తి వుంటారు. అవును, అదే హెరాల్డు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డు పేరుతో తయారై మన వూళ్లలో డాక్టర్లనీ, ప్లీడర్లనీ మోసిన బండి. ఆ సంసారపక్షపు కారూ, ఈ షోకు పిల్లా వొక తల్లి బిడ్డలే. మా ఇంట్లోనూ వో హెరాల్డు వుండేది గనక, దీని గుణం నాకు కొంత ఎరుకే.

ఆ గుణమంతా వెనక చక్రాల్లో వుంది. మామూలు కార్లకి వెనక నిలువుగుండులా వొకే ఇరుసు వుంటుంది. దీనికి అలా కాదు. నడుమ డిఫరెన్షియల్ చట్రానికి బిగించి వుంటుంది. దానికి చెరోవైపూ పక్షి రెక్కల్లా రెండు అర ఇరుసులు. వీటి పైన అడ్డంగా వొకే వొక్క కమాను కట్ట. రెక్క లేస్తే చక్రం పైకి పోతుంది, రెక్క వాలితే చక్రం కిందికి వస్తుంది. ఇంతవరకూ బాగానే వుంది. కాని చక్రం రెక్క చివర అతుక్కుని వున్నది కదా, అందుచేత రెక్క వాలినప్పుడల్లా చక్రం తిన్నగా నిలబడక లోపలికి మడత పడుతుంది.

మలుపులో జోరుగా పోతున్నారనుకోండి. రోడ్డు టైరును పక్కకి నెడుతుంది. ఆ నెట్టుడు అర ఇరుసు గుండా పోయి కారు వెనక భాగాన్ని పైకెత్తుతుంది. సరిగ్గా అప్పుడే తోలేవాడికి గుండె జారి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తాడు. బరువు ముందుకు పోయి, వెనక భాగం ఇంకా లేస్తుంది. బయటి చక్రం, మెట్టు దిగుతూ కాలు మడత పడ్డ మనిషి చీలమండలా, కిందికి ముడుచుకుపోతుంది. టైరు అంచు మాత్రమే నేలకి ఆనుతుంది. ఆపైన కారు ముందు నడుస్తుందో వెనక నడుస్తుందో దైవానికి తెలియాలి. 1966లో ఇదే చట్రం మీద ఆరు సిలిండర్ల ఇంజను పెట్టి జీటీ6 అని విడుదల చేస్తే, మోటారు పత్రికలవాళ్లు ఈ దోషం చూపించి దుమ్మెత్తి పోశారు. కంపెనీవాళ్లు సిగ్గుపడి 1968లో దాని వెనక కింద మరో జత చేతులు అమర్చారు.

ఇప్పుడు మన అప్‌గ్రేడు మహాశయుడు రంగప్రవేశం చేస్తాడు. రోగం వుందని అతనికీ తెలుసు. మందు? గట్టి స్ప్రింగు, వెడల్పు టైరు. కొండనాలిక్కి మందేస్తే వున్న నాలిక వూడిందంటారు చూడండి, సరిగ్గా అదే ఇది. రోడ్డు టైరును ఎంత బలంగా నెడితే కారు వెనక భాగం అంత బలంగా పైకి లేస్తుందని ఇప్పుడే అనుకున్నాం. టైరు పట్టు పెంచితే ఆ నెట్టుడు కూడా పెరుగుతుంది. పాత సన్న టైరైతే కాస్త ముందుగా జారి, నాయనా జాగ్రత్త అని చెప్పేది. కొత్త వెడల్పు టైరు చివరి క్షణం దాకా వూరుకుని, వొక్కసారిగా కాలు మడుస్తుంది.

వెనక కమానును దించి చక్రాల పైభాగం ముందే కాస్త లోపలికి వాలేట్టు పెట్టుకోవడం పాతకాలం పందెగాళ్ల ఉపాయం. దానివల్ల కొంత మేలు వున్నమాట నిజమే. నేను కాదనను. కాని దించిన బండికి చక్రం పైకి కదిలే జాగా తగ్గిపోతుంది. చిన్న గుంట తగిలినా అడుగున రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. కొట్టుకున్న క్షణాన ఆ చక్రానికి స్ప్రింగు అంటూ ఏమీ లేనట్టే.

సరే, మరి కంపెనీ ఏం చేసింది? ఇదీ అసలు కథ. 1970లో వచ్చిన నాలుగో మార్కు స్పిట్‌ఫైర్‌లో కమాను కట్టకే చికిత్స చేశారు. అంతవరకూ కట్టలో పట్టీలన్నీ డిఫరెన్షియల్ నెత్తిన గట్టిగా బిగించేవారు. ఇప్పుడు అట్టడుగు పట్టీ వొక్కటి బిగించి, తక్కినవాటిని తక్కెడ దండెలా అటూ ఇటూ వొరగడానికి వదిలేశారు. అంటే మలుపులో వొరిగేటప్పుడు వెనక భాగం మునుపటికంటే మెత్తబడింది! బదులుగా ముందు భాగంలో అడ్డ కడ్డీని లావు చేశారు. వొరిగే భారం ఎక్కువ పాలు ముందు చక్రాలు మోస్తాయి, వెనక బయటి చక్రం మీద వొత్తిడి తగ్గుతుంది, కాలు మడవదు. 1973లో వెనక చక్రాల ఎడం కూడా కాస్త పెంచారు. రోగం కుదిరింది. తయారుచేసినవాడు మెత్తబరచి కుదిర్చిన రోగాన్ని మనవాడు గట్టిబరచి కుదురుస్తానంటాడు. కోపం రాదా మరి?

ఇంకో సంగతి. స్ప్రింగు తీగె మందం పదోవంతు పెంచితే గట్టిదనం కూడా పదోవంతే పెరుగుతుందనుకుంటారు. కాదు, దాదాపు సగం పెరుగుతుంది. తీగె మందాన్ని నాలుగు మార్లు దానితో అదే గుణిస్తే వచ్చే లెక్క అది. చూపుడువేలంత తీగెను కాస్త లావు చేశామనుకుంటాడు ఆసామి. కింద బండి స్వభావమే మారిపోతుంది. స్ప్రింగు కదలనని మొండికేస్తే ఇంకేదో కదలాలి కదా. ఈ కారు చట్రం ఇప్పటి కార్లలా పెట్టెకట్టు కాదు. నడుమ వెన్నెముకలా రెండు దూలాలు, వాటి మీద విడిగా బిగించిన బాడీ. ఆ చట్రమే మెలికలు తిరుగుతుంది. నలభై అయిదేళ్లు దాటిన ఇనుము, పైగా ఇంగ్లండు తుప్పు. ఎన్నాళ్లు తిరుగుతుంది?

మా మేనల్లుడొకడు అక్కడే ఉద్యోగం చేస్తూ వో స్పిట్‌ఫైర్ కొన్నాడు. నేను వెళ్లినప్పుడు ముచ్చటపడి ఎక్కించుకున్నాడు. వో దుకాణంవాడు అంటగట్టిన సరంజామా అంతా అప్పటికే బిగించి వుంది. నాలుగు మైళ్లు పోయేసరికి నా పళ్లన్నీ పేరుపేరునా పలకరించుకున్నాయి. “రోడ్డు తెలుస్తోందా మామయ్యా?” అన్నాడు గర్వంగా.

“రోడ్డు మీద రాళ్లు కూడా తెలుస్తున్నాయి గాని, ట్రనియన్లకి నూనె పోశావురా?” అన్నాను.

“ట్రనియన్లంటే?”

చూశారా! ఈ వొక్క ప్రశ్న కోసమే నేనీ వ్యాసం రాస్తున్నానంటే అబద్ధం కాదు. ముందు చక్రాలు రెంటికీ నిలువుగా చెరొక ఇనుప కంబం వుంటుంది. దాని అడుగు కొస మరలా చెక్కి, వో కంచు ముక్కలో దిగేసి వుంటుంది. అదే ట్రనియను. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర ఆ కంచులో తిరుగుతుంది. దానికి కావలసింది గేరు ఆయిలు, 90 నంబరుది. గ్రీజు కాదు. గ్రీజు గట్టిపడి మరల అడుగుకి చేరదు, నీళ్లు చేరతాయి. ఇనుము తుప్పుపట్టి, పైకి కనపడకుండా బీటవేసి, వోనాడు పుటుక్కున విరుగుతుంది. అప్పుడు చక్రం పక్కకి వొరిగి, కారు ముక్కు నేలకి గీరుకుంటూ తనకు తోచిన దిక్కుకి పోతుంది. మా హెరాల్డు చూసే మేస్త్రీ, సంతకం చేయడం కూడా రానివాడు, ఏ పని మీద వచ్చినా ముందు నూనె గిన్నె పట్టుకుని ముందు చక్రాల కింద దూరేవాడు. ఆ తరవాతే తక్కిన మాటలు.

నెల జీతం పోసి ఎర్ర స్ప్రింగులు కొన్నవాడికి సీసాడు నూనె సంగతి తెలియకపోవడం, పైన పటారం లోన లొటారం కాక మరేమిటి? పైగా గట్టి స్ప్రింగు ప్రతి దెబ్బనూ తిన్నగా ఆ బీటవేసిన కంబానికే చేరవేస్తుంది. దుకాణంవాడు ఈ మాట చెప్పడు. నూనె సీసా మీద అతనికేం మిగులుతుంది?

పాత బండి వొయ్యారాలు పోతున్నదంటే కారణం చాలావరకు మెత్తదనం కాదు, అరుగుదల. బుష్షుల్లో రబ్బరు చచ్చి వుంటుంది. షాకబ్జార్బర్లలో నూనె కారి వుంటుంది. కమాను పట్టీల మధ్య తుప్పు చేరి వుంటుంది. టైర్లు పదేళ్లనాటివై రాయిగట్టి వుంటాయి. ఇవన్నీ కొత్తవి వేసి చక్రాల కోణాలు సరిచూస్తే, 1970లో ఆ కారు ఎలా నడిచిందో అలా నడుస్తుంది. అలా నడిచిన కారును ఈ అప్‌గ్రేడు వీరుల్లో చాలామంది వొక్కసారి కూడా తోలి ఎరగరు. చెడిపోయిన కారును చూసి, కారే అలాంటిదనుకుంటారు.

“మరి పందెం కార్లు గట్టిగానే వుంటాయి గదండీ” అంటారు. వుంటాయి. అవి నడిచే బాట అద్దంలా వుంటుంది. పైగా పందెం మేస్త్రీలు ప్రతి పోటీకీ బండి కిందికి దూరి కీలుకీలూ తడిమి చూస్తారు. మెత్తటి స్ప్రింగులతో స్పోర్ట్సు కారు కుదరదనే వారికి అదే 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌ను చూపిస్తాను. కోలిన్ చాప్‌మన్ ఆ బండికి మెత్తని స్ప్రింగులు పెట్టి, వాటి ఎగురుడును షాకబ్జార్బర్ల చేత అదుపు చేయించాడు. మలుపుల్లో నడవడికకి నేటికీ దాన్నే ఉదాహరణగా చూపుతారు. దాని ముందు చక్రాల కంబాలు ఎక్కడివనుకున్నారు? ఈ ట్రయంఫ్‌వే!

రెండో పక్షంవారు కూడా వున్నారు. కర్మాగారంలోంచి వచ్చిన మేకు కూడా మార్చకూడదంటారు వీళ్లు. 1970కి ముందు బండి కొని, ఆ కాలు మడిచే కమానునే దేవతార్చన పెట్టెలా కాపాడుకుంటూ, పక్క సీట్లో పెళ్లాన్నో బిడ్డనో కూర్చోబెట్టుకుని వానలో షికారు పోతారు. వీరితోనూ నాకు పేచీయే. ఆ దోషాన్ని కన్నవాడే వొప్పుకుని దిద్దాడు. దిద్దిన కమాను మీ పాత బండికీ పడుతుంది, వేసుకోండి. కాని దానితోబాటు ముందు లావు కడ్డీని కూడా వేయాలి సుమండీ. ఆ రెండూ జంటగా పుట్టాయి. వొకటి వేసి వొకటి మానితే మలుపులో బండి వెనక భాగం పడవలా వొరుగుతుంది. ఆ పని మీద ఎలాగూ బండిని పైకెత్తుతారు గనక, దించేముందు ముందు చక్రాల దగ్గర ఆ నూనె కూడా కాస్త పోయించండి.