ఇల్లు కొంటున్నారా? రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇల్లు కొంటూ, చదవలేని తమిళ దస్తావేజుపై సంతకం పెట్టే మనవాళ్లు ఉన్నారు. 'రిజిస్ట్రారు ఆఫీసులో అన్నీ చూస్తారులే' అన్న ధీమా పనికిరాదు. అమ్మేవారికి హక్కుందో లేదో తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రారుకు లేదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆ భారం కొనేవారిదే.

విల్లంగం సర్టిఫికెట్‌లో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాట పంపకాలు అందులో ఉండవు. పట్టా ఎవరి పేరున ఉందో విడిగా చూడాలి. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో 2005 చట్టం ప్రకారం కూతుళ్లకూ సమాన వాటా ఉంది. వారి సంతకాలు లేకుంటే రేపు దావా రావచ్చు.

అడ్వాన్సు ఇచ్చేముందే మూలపత్రాలు సొంత లాయరుకు చూపించండి, దస్తావేజును తెలుగులో చెప్పించుకుని వినండి అని కోరుతున్నాం.