పేరొకరిది, పెట్టుబడి యొకరిది

గతమాసమున మా కార్యాలయమునకు గోదావరి ప్రాంతపు వర్తకు డొకడు వచ్చెను. 18 ఏండ్లు గల్ఫు దేశ మొకదాన నుండినవాడు. మొదట పరుల హోటలులో వంట చేసెను. పిదప తాను కూడబెట్టిన సొమ్మును, పుస్తెలతాడు దక్క భార్యకు గల బంగారమంతయు అమ్మగా వచ్చిన సొమ్మును, తమ్ముని 2 ఎకరముల పొలముపై తెచ్చిన అప్పును కలిపి సొంతముగ భోజనశాల తెరచెను. బల్లలు, పాత్రలు, అద్దె, పనివారి జీతములు, అన్నియు నతనివే. లైసెన్సు మాత్రము ఆ దేశీయు డొకని పేర నుండెను. ఆ పేరునకు నెలకింతయని బాడుగ. 6 ఏండ్లు సవ్యముగ సాగెను. వ్యాపారము నిలదొక్కుకొనిన పిదప పేరుగలవాడు బాడుగను మూడింతలు చేసెను. ఇయ్యజాలనన్న వారమునకే తలుపునకు క్రొత్త తాళము పడెను, అకామా రద్దయ్యెను. ఇల్లు చేరిన యాతని చేతిలో మిగిలినది అరబ్బీభాషలో నున్న యొక కాగితము. "అయ్యా, దీనిపై దావా వేయవచ్చునా?" యని యడిగెను. తెలిసినవారిచే చదివించితిమి. భోజనశాల సమస్తము ఆ దేశీయునిదనియు, తాను జీతగాడ ననియు మనవానిచేతనే ఒప్పించిన కాగితమది!

పాఠకులారా! ఇది దురదృష్టవంతు డొక్కని గాథ యని త్రోసివేయకుడు. చెమట యొకనిది, చట్టముయెదుట నిలుచు పేరు వేరొకనిది యగుచోట నెల్ల ఇట్టి ముగింపునకు తావు గలదు. పరదేశమున వ్యాపారము చేయువానికి నష్టభయము సహజమే. బేరము చెడవచ్చును, సరకు మురుగవచ్చును, అప్పు మునుగవచ్చును. వర్తకుడు వానికి వెరవడు. లాభము వచ్చిన నాడే ఆస్తి పోవుట మాత్రము వ్యాపారనష్టము కాదు, దోపిడి.

ఈ దోపిడికి మూలమేది? అరబ్బు ఎమిరేట్లలో స్వేచ్ఛావాణిజ్య మండలములకు వెలుపల స్థాపింపబడు కంపెనీలందు నూటికి 51 పాళ్లు ఆ దేశీయుని పేర నుండవలెనను నిబంధన దీర్ఘకాలము సాగినది. 2021 జూన్ 1వ తేదీ నుండి పెక్కు వ్యాపారములకు ఆ నిబంధన తొలగింపబడినది. సౌదీ అరేబియా 2020లో మారుపేరు వ్యాపారమును శిక్షించుటకు క్రొత్త శాసనము చేసినది: గరిష్ఠముగ 5 సంవత్సరముల చెర, 50 లక్షల రియాళ్ల జరిమానా. పేరిచ్చినవాడును, పేరు పుచ్చుకొనినవాడును సమముగ నేరస్థులే యని శాసనము పలుకుచున్నది. వినుటకు సొంపుగనే యున్నది. కాని శిక్ష ముగిసిన పిదప పేరిచ్చినవాడు తన యింటికి పోవును. పుచ్చుకొనినవాడు దేశమునుండి వెడలగొట్టబడును, పనికై తిరిగి రాకుండ నిషేధింపబడును. ఇట్టి సమానత్వమును చూచి సంతోషించువారు సంతోషింతురు గాక!

"పరదేశమునకు పోయినవాడు ఆ దేశపు చట్టమునకు లోబడవలదా? చాటుమాటుగ వ్యాపారము చేసి, పిదప న్యాయమని గోలపెట్టుట యేల?" యని కొందరు పెద్దమనుష్యులు ప్రశ్నించుచున్నారు. లోబడవలసినదే. ఏ దేశమునకైనను తన గడ్డపై నెవరు వర్తకము చేయవలెనో నిర్ణయించు నధికారము కలదు. "రావలదు" అను దేశముతో మాకు తగవు లేదు. "రమ్ము, నీ సొంతమునకే రమ్ము" అను దేశమునకు వందనము. తలుపు మూసి కిటికీ తెరచి, కిటికీలో దూరినవానివద్ద రుసుము పుచ్చుకొని, కలహము వచ్చిననాడు "నీవు దొంగవు" అను పద్ధతితోనే మా తగవు. మన దేశమునందును 1988 నాటి బేనామీ చట్టము ప్రకారము, పరుని పేర కొన్న ఆస్తి నాదని అసలు యజమాని సామాన్యముగ దావా వేయజాలడు. చట్టమట్లుండుట తప్పనము. కాని మన గడ్డపై బేనామీ పెట్టువాడు మోసముకొరకు పెట్టును. ఆ గడ్డపై మనవాడు అంగడి తెరచుటకు వేరు దారి లేక పెట్టెను. ఈ రెంటిని ఒక్క త్రాసున తూచుట ధర్మమా?

చరిత్ర నడిగిన నిదియే చెప్పును. 1893లో గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాకు పోయినది ఒక భారతీయ వర్తకుని దావాకై పోయిన న్యాయవాదిగనే. నాలుగేండ్లకు, 1897లో, నెటాలు ప్రభుత్వము వర్తకుల లైసెన్సు చట్టమును చేసెను. అందు భారతీయుడను మాట లేదు. లెక్కలు ఇంగ్లీషులో నుండవలెననెను. లైసెన్సు నిచ్చుటయు, మానుటయు అధికారి యిష్టమనెను. ఉన్నత న్యాయస్థానమునకు పోవు దారిని మూసెను. మాట లేకయే భారతీయుని అంగళ్లకు ఉరి బిగిసెను. బర్మాలో 1964లో సైనికప్రభుత్వము దుకాణములను జాతీయము చేసెను. తరతరములుగ రంగమును నమ్ముకొనినవారు వట్టిచేతులతో నోడలెక్కిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపను పేరు నేటికిని అందులకు సాక్ష్యము. ఉగాండాలో 1972 ఆగస్టున ఇదీ అమీను ఆసియావారికి 90 దినముల గడువిచ్చి వెడలగొట్టెను. ఈ మూటియందును వర్తకుని కూల్చినది బేరము కాదు, ఒక్క కలముపోటు.

అయినను నిజమును దాచరాదు. 1930 తరువాతి ఆర్థికమాంద్యమున బాకీలు చెల్లక, దిగువబర్మా వరిపొలములలో ఇంచుమించు నాలుగవవంతు చెట్టియార్ల చేతికి వచ్చినది. భూమి కోల్పోయిన రైతు కడుపుమంట పరదేశీయుని గుమ్మమున రగులక మానునా? ఆతిథ్యమిచ్చిన నేలను కేవలము పాడియావుగ చూచువానికి ఆపదలో సాక్షి దొరకడు. ఆ దేశీయులతో నెయ్యము, ఆ భాషలో నాలుగు మాటలు, తనయొద్ద పనిచేయువానికి నెలనెల జీతము, ఇవి వర్తకునికి ధర్మము మాత్రమే గాదు, కోట కూడ. తన కఫీలు తన్ను పీడించుచున్నాడని యేడ్చుచు, తన క్రింది పనివాని పాసుపోర్టును పెట్టెలో దాచు తెలుగు యజమానికి మా సానుభూతిలో పాలు లేదు.

ఇక మన ప్రభుత్వముల మాట. విదేశములనుండి మనవారు పంపు సొమ్మున మన దేశము ప్రపంచమున ప్రథమస్థాన మందినదని సభలలో చప్పట్లు మ్రోగును. ఆ పంపువానికి చేసినదేమి? 1983 నాటి వలసచట్టము కూలికి, కొలువునకు పోవువానిని దృష్టియం దుంచుకొని పుట్టినది. అంగడి పెట్టువానిని తలచినది కాదు. 2020 జనవరిలో మన ప్రభుత్వమే చేసిన ప్రకటన వలన, ఎమిరేట్లలో అందు పేర్కొనబడిన న్యాయస్థానముల డిక్రీలు మన జిల్లాకోర్టులలో ఇచ్చటి డిక్రీలవలెనే అమలునకు వచ్చును. అచ్చట అప్పిచ్చినవాని హక్కు సముద్రము దాటి కాకినాడకు వచ్చినది. అచ్చట ఆస్తి పోయిన మనవాని హక్కు అటు పోవలదా? ఒడంబడికలో దారి లేకపోలేదు. కాని డిక్రీకి దావా కావలెను, దావాకు పత్రము కావలెను. పత్రమో, పరుని పేర నున్నది!

కావున మేము కోరునవి మూడు. వర్తకమునకు పోవువారికి ఆయా దేశముల చట్టములను తెలుగున అచ్చువేయించి జిల్లాకేంద్రములందు పంచవలెను. ప్రతి రాయబార కార్యాలయమున పత్రములు చదివి చెప్పు న్యాయవాది యుండవలెను. వాణిజ్యపు టొడంబడికలలో సుంకములపై చూపు శ్రద్ధను చిన్నవర్తకుని ఆస్తిపైనను చూపి, వెడలవలసి వచ్చినవానికి లెక్క తేల్చుకొను గడువును, న్యాయస్థానపు తలుపును దక్కింపవలెను.

ఇట్లు కోరుటకు మనకు నైతికాధికార ముండవలెను గదా! 2025 ఆగస్టున తెలంగాణమున కొన్ని పట్టణములలో మార్వాడీ వర్తకులు వెడలిపోవలెనను కేకలు లేచెను. వారు పరదేశీయులైనను కారు. మనతో సమాన పౌరులు. ఎచ్చటనైనను నివసించి వర్తకము చేయు హక్కును రాజ్యాంగపు 19వ అధికరణము వారికిచ్చినది. వారి తూకము తప్పైన శిక్షింపుడు. పన్ను ఎగవేసిన వసూలుచేయుడు. పోటీ బలమైన మీరును బలపడుడు. దుబాయిలో మన అంగడికి రక్షణ కోరు నోటితోనే మన వీధిలో పొరుగువాని అంగడి మూయింపుమనుట యే న్యాయము?

ఇక వర్తకసోదరులకు మా మనవి. మీ పేర లైసెన్సు దొరకు చోటనే అంగడి తెరువుడు. నేడట్టి చోట్లు పెరిగినవి. చదువలేని కాగితముపై సంతకము పెట్టకుడు. తమ్ముని పొలమును పరుని పేరునకు పణము పెట్టకుడు.

మా యొద్దకు వచ్చిన వర్తకునికి మేమేమి చెప్పగలిగితిమి? ఆ కాగితముపై దావా నిలువదని చెప్పితిమి. అతడు దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని, తమ్ముని పొలము వేలమెన్నడో కనుగొనుటకు బ్యాంకునకు పోయెను. అట్టి మాటను మరియొక వర్తకునికి చెప్పవలసిన దినము మాకు రాకుండ చేయుట ప్రభుత్వమునకును, ప్రజలకును కర్తవ్యము.